నాకు తగ్గేదాకా

మా అత్తగారు గరిటతో నా చేతి మీద కొట్టారు. నేను పెరుగు గిన్నె తీసి ఆవిడ మీదికి విసిరాను. ఆవిడ వంగబట్టి అది గోడకు తగిలింది. గిన్నె చేయి జారిందని మా ఆయన తర్వాత చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. జారడమేమిటి, నా మొహం! గురి చూసే విసిరాను.

గొడవ పెరుగన్నం దగ్గర మొదలైంది. మా పాపకు అప్పుడు ఐదేళ్ళు. ఆకలేస్తే ఒక్క నిమిషం ఆగదు, అచ్చం నాలాగే. అత్తగారు వీధి గుమ్మంలో పూలావిడతో బేరమాడుతున్నారు. పిల్ల కంచం ముందు కూర్చుని "పెరుగూ, పెరుగూ" అని గోల పెడుతుంటే నేనే మూత తీసి గిన్నెలో గరిట ముంచాను. ఆవిడ పరుగెత్తుకొచ్చారు. నా చేతిలోంచి గరిట లాక్కుని దాంతోనే నా మణికట్టు మీద ఒక్కటిచ్చారు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆ చెయ్యి పెరుగులో పెట్టొద్దని చెప్పానా లేదా? రేపు ఇందులోంచే కదా తోడు తియ్యాలి! ఇంటిల్లిపాదికీ అంటిద్దామనా?"

ఆవిడ భయం నాకు అర్థం కాక కాదు. మా ఇళ్ళలో పెరుగు ఏ రోజుకారోజు అయిపోయేది కాదు. ఇవాళ్టి పెరుగు ఒక చెంచా రేపటి పాలలో పడుతుంది, రేపటిది ఎల్లుండి పాలలో. ఆవిడ వంటింట్లో ఆ తోడు తన పెళ్ళినాటి నుంచీ నడుస్తోందని గొప్పగా చెప్పుకునేవారు. అందులో నా చెయ్యి పడితే నా జబ్బు కూడా రోజూ తోడుకుంటూనే ఉంటుందని ఆవిడ లెక్క. అందుకే పాలగిన్నె ముట్టుకోకూడదు, ఊరగాయ జాడీ దగ్గరికి పోకూడదు, నా కంచం వేరు, నా గ్లాసు వేరు. అన్నీ భరించాను. పిల్ల ఎదురుగా కొట్టేసరికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

గిన్నె గోడకు తగిలిన చప్పుడుకు మా ఆయన లోపలి గదిలోంచి వచ్చాడు. ఏం జరిగిందని కూడా అడగలేదు. నా చెంప చెళ్లుమంది. నేను చేతికందిన అప్పడాల కర్ర తీసి అతని భుజం మీద వేశాను. అతను నా జుట్టు పట్టుకున్నాడు. నేను అతని చేతిని కొరికాను. అత్తగారు "చంపేస్తోందిరా నాయనోయ్" అని అరుస్తున్నారు. గోడ మీంచి పెరుగు కారుతోంది. పాప ఫ్రిజ్ పక్క సందులో దూరి రెండు చెవులూ మూసుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు పిల్ల బట్టలు సర్దారు. చల్లపల్లిలో వాళ్ళ సొంత ఇల్లుంది. "నీకు తగ్గేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. తగ్గిన రోజున నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతా" అన్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా ఆయన వెనక నుంచి నా రెండు చేతులూ మెలిపెట్టి పట్టుకున్నాడు. ఆటో కదిలేదాకా వదల్లేదు. మెలిపెట్టినచోట పొలుసులు చిట్లి అతని చొక్కాకు నెత్తురంటింది. అది చూసుకుని అతను మొహం చిట్లించుకుని చొక్కా విప్పేశాడు.

మర్నాడే వెళ్ళి పిల్లను తెచ్చుకోక ఎందుకు ఊరుకున్నావని అడిగినవాళ్ళున్నారు. ఏం చెప్పను! ఇంట్లోవాళ్ళు చెప్పింది నేను కూడా సగం నమ్మాను. పాప నిద్రలో నా మెడ చుట్టూ చెయ్యి వేస్తే, అది ఎక్కడ నా మోచేతికి తగులుతుందోనని మెల్లగా తీసేసేదాన్ని. ఇంట్లో అందరూ రోజూ అంటుతుంది, అంటుతుంది అంటుంటే, ఎంత నోరున్నదానికైనా లోపల ఎక్కడో దిగుతుంది కదా.

నా జబ్బు పేరు సోరియాసిస్. పాప పుట్టిన ఏడాదికి మోచేతుల మీద మొదలై, మోకాళ్ళకు, వీపుకు, తలలోకి పాకింది. ఎర్రగా ఉబ్బి, పైన తెల్లటి పొలుసు కడుతుంది. దురద మామూలు దురద కాదు. దువ్వెనతో గీకేదాన్ని, జాకెట్లు కుట్టే స్కేలుతో గీకేదాన్ని. నెత్తురొస్తేగానీ హాయిగా ఉండేది కాదు. ఆ తర్వాత మంట. ఆ మంటకు ఏడుపు, ఆ ఏడుపుకు కోపం, ఆ కోపంలో మళ్ళీ గీకుడు. నేను జాకెట్లు కుడతాను. కొలతలు తీసుకోబోతే ఆడవాళ్ళు చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆదికి పాత జాకెట్టు ఇస్తాలెండి" అనేవారు. ఒకావిడ మొహం మీదే "గజ్జా అమ్మా?" అంది. కత్తెర నా చేతిలోనే ఉంది. ఆవిడ అదృష్టవంతురాలు.

పిల్ల వెళ్ళిన వారంలోనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అంతకు ముందు నాటువైద్యం, పసరు, పథ్యం అన్నీ అయ్యాయి. పథ్యం అత్తగారిదే: వంకాయ వద్దు, చేప వద్దు, గోంగూర వద్దు, అన్నిటికంటే ముందు పెరుగు వద్దు. డాక్టరు పెద్దాయన. నా మోచెయ్యి తన చేత్తో పట్టుకుని, వేళ్ళతో తడిమి చూశాడు. ఇంట్లో ఎవరూ ముట్టుకోని చెయ్యి అది. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి లాక్కున్నాను.

"ఇది అంటువ్యాధి కాదమ్మా. ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. ఒంట్లోని రక్షణశక్తి దారి తప్పి మన చర్మం మీదే యుద్ధం చేస్తుంది. కొన్ని కుటుంబాల్లో రక్తంలో ఉంటుంది. గీకొద్దు, రుద్దొద్దు. చర్మానికి గాయమైతే ఆ గాయమైనచోట కొత్తది లేస్తుంది."

పూతమందు రాశాడు, మాత్రలు రాశాడు. చివర్లో పొడి ప్యాకెట్లు. "ఇవి ప్రోబయోటిక్స్. మేలు చేసే బ్యాక్టీరియా, బతికున్నవే. కడుపులో వీటి సంఖ్య సరిగ్గా ఉంటే చర్మంలో మంట తగ్గొచ్చని ఇప్పుడు అంటున్నారు. కొందరికి బాగా ఉంటోంది, కొందరికి ఏమీ తేడా లేదు. నేను మాట ఇవ్వను. పూతమందు మానకుండా, దాంతోపాటు వాడి చూద్దాం."

"బతికున్న బ్యాక్టీరియానా? మింగాలా?"

"పెరుగులో ఉండేవాటికి చుట్టాలేనమ్మా. రోజూ తింటూనే ఉన్నావుగా."

తిననిస్తే కదా! ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఏ పెరుగు ముట్టుకున్నానని నన్ను కొట్టారో ఆ పెరుగే నాకు మందట!

మా ఆయన ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పాడు. అతను పిరికివాడు గానీ అబద్ధాలకోరు కాదు. డాక్టరు అన్నది అన్నట్టే చెప్పాడు, అంటదని కూడా చెప్పాడు. స్పీకర్లోంచి ఆవిడ గొంతు ఇల్లంతా వినిపించింది. "డాక్టర్లు అందరికీ అలాగే చెప్తార్రా. పెరుగు మానమంటే పెరుగు పురుగులు పొట్లాలు కట్టించుకుని మింగుతోందా? తగ్గినట్టే!" నేను ఫోను లాక్కుని "తగ్గితే ఏం చేస్తారు?" అని అరిచాను. "నా మాట మాటే. తగ్గిన రోజున తెస్తా" అన్నారావిడ. వెనకాల పాప "అమ్మేనా?" అంటోంది. ఫోను పెట్టేశారు.

అప్పటి నుంచి ఆ పొడి నాకు దేవుడైపోయింది. చర్మం నున్నబడాలి, పిల్ల ఇంటికి రావాలి, ఇంకేం లేదు. రోజుకు ఒక ప్యాకెట్టు చాలన్నాడు డాక్టరు. నాకు ఒకటి చాల్తుందా! బతికున్న బ్యాక్టీరియా అంటే పెంచుకోవచ్చు కదా అనిపించింది. పెరుగుతో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఎవరో నేర్పాలా? ప్యాకెట్టు చించి గోరువెచ్చని పాలల్లో వేసి తోడు పెట్టాను. అత్తగారు లేరు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. తెల్లారేసరికి పలచగా, జిగటగా తోడుకుంది. ఆ ఇంట్లో నా చేత్తో తోడు పెట్టిన మొదటి పెరుగు! గిన్నె పట్టుకుని వంటింట్లో నిలబడి గర్వపడ్డాను. ఇక ప్యాకెట్లు అక్కర్లేదనుకున్నాను. నా గిన్నెలోంచి నేనే తోడు తీస్తూ, పొద్దునా మధ్యాహ్నం రాత్రీ గిన్నెడేసి తిన్నాను. పుల్లగా పళ్ళు జివ్వుమనేది. మందనుకుని కళ్ళు మూసుకుని మింగేదాన్ని.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేసరికి వీపు మీద కొత్తవి లేచాయి. పొడి వాడుతున్నావా అని డాక్టరు అడిగితే, ఏదో ఘనకార్యం చేసినట్టు నా పెరుగు కథంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"మింగమన్నానమ్మా, తోడు పెట్టమన్లేదు! ఆ ప్యాకెట్లో ఉన్నవి పాలల్లో పెరుగుతాయో లేదో నీకు తెలుసా? రెండో రోజుకు ఆ గిన్నెలో ఉన్నవి ఏవో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది మామూలు పులిసిన పెరుగు."

"మామూలు పెరుగులో లేవా అవి?"

"వేరే రకాలమ్మా! చుట్టాలన్నాను గానీ ఒకటే అన్లేదు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. అన్ని వారాలు నా చేతులారా పాడుచేసుకున్నానని తలుచుకుంటే ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరూ దొరక్క నా తొడ మీద నేనే కొట్టుకున్నాను. ఇంటికెళ్ళి ఆ గిన్నె మొత్తం సింకులో పోసి, గిన్నెను కిటికీలోంచి వీధిలోకి గిరాటేశాను. బయట కొబ్బరిబోండాలవాడు "ఏంటమ్మా, తల పగిలేది!" అని అరిచాడు. సందు సందంతా వినేలా నేనూ అరిచాను.

తర్వాత బుద్ధిగా మింగాను. పొడి చల్లటి నీళ్ళలో కలుపుకుని తాగడం, పూతమందు రాసుకోవడం, గోళ్ళు మొదలంటా కత్తిరించుకోవడం. దురద లేస్తే చేతులకు తడిగుడ్డ చుట్టుకుని పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. మెల్లమెల్లగా వీపు చల్లబడింది. తలలో పొలుసు రాలి మళ్ళీ రాలేదు. మోకాళ్ళు పలచబడ్డాయి. పొడి వల్లా, పూత వల్లా, మాత్రల వల్లా అని డాక్టర్ని అడిగితే, "నాకూ తెలియదమ్మా, తగ్గుతోందిగా" అన్నాడు. ఆ మాట చెప్పే డాక్టరు మీద నాకు గౌరవం పెరిగింది. మోచేతులు మాత్రం మొండికేశాయి. ఎంత చేసినా రెండు మోచేతుల మీదా ఎర్రగా, మందంగా అలాగే ఉండిపోయాయి.

ఈలోగా బడులు తెరిచారు. నాకు ఒక్క మాట చెప్పకుండా పిల్లను చల్లపల్లిలో బడిలో వేశారు. వీడియో కాల్లో యూనిఫాం వేసుకుని కనిపించింది. మెడదాకా బొత్తాలు, పొడుగు చేతులు. "అంత ఎండలో ఆ చొక్కా ఏంట్రా బంగారం?" అన్నాను. పాప నానమ్మ వైపు చూసింది. ఇదివరకు ఫోనుకు ముద్దులు పెట్టేది, ఇప్పుడు దూరంగా కూర్చుని మాట్లాడుతోంది. పిల్లకు నా మీద విషం నూరిపోస్తున్నారని నా కడుపు రగిలిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. అతను బట్టల కొట్లో పనిచేస్తాడు, ఎదుటి మనిషి మొహం చూసి మాట మార్చడం అతని వృత్తి. నేను చేతులు చాపి చూపించాను. "వీపు పోయింది, తల పోయింది. ఇవి రెండే ఉన్నాయి. వెళ్ళి పిల్లని తీసుకురండి."

"అమ్మ పూర్తిగా తగ్గాక అంది కదా. ఆ మోచేతులు కూడా..."

"మీ అమ్మ చెప్తే చచ్చిపోతావా? నువ్వు దాని నాన్నవి కావా?"

నువ్వు అన్నానని అతనికి పౌరుషం వచ్చింది. కంచం తోసేశాడు. నేను ఆ కంచమే తీసి టీవీ మీదికి విసిరాను. తెర నిలువునా పగిలింది. అతను నా మీదికి వచ్చాడు, గొంతు మీద చెయ్యి పడింది. నేను మోకాలితో ఒక్కటి తన్నాను. అతను గోడకు జారి కూర్చున్నాడు. కంచంలోంచి చిందిన సాంబారు అతని మొహం మీంచి కారుతోంది. "వెళ్ళవే, వెళ్ళి తెచ్చుకో, నన్ను చంపకు" అన్నాడు. ఆ మాట ముందే అనుంటే టీవీ మిగిలేది.

చెప్పులు వేసుకుని బయటపడ్డాను. బస్టాండులో చల్లపల్లి బస్సు ఎక్కాను. గొంతు మీద వేళ్ళ గుర్తులు కొంగుతో కప్పుకున్నాను. ఉయ్యూరు దాటేదాకా నాలో నేనే పోట్లాడుతూ ఉన్నాను. ఆవిడ ఇలా అంటే నేనిలా అంటాను, ఆవిడ చెయ్యెత్తితే నేనూ ఎత్తుతాను. అడ్డమొస్తే ఈసారి గురి తప్పదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇంటి గేటు తీసి ఉంది. పెరట్లోంచి పాప ఏడుపు వినిపించింది. మారాం చేసే ఏడుపు కాదది. నొప్పికి గొంతు కీచుమనే ఏడుపు. పరుగెత్తాను. బావి పక్కన నీళ్ళ తొట్టి దగ్గర పాప లంగాతో నిలబడి ఉంది. అత్తగారు పీట మీద కూర్చుని, ఒక చేత్తో దాని జబ్బ బిగించి పట్టుకుని, రెండో చేత్తో కొబ్బరిపీచు పెట్టి మోచెయ్యి రుద్దుతున్నారు. వేపాకు, పసుపు కలిపిన ముద్ద పక్కన గిన్నెలో ఉంది. మోచేతి మీద నెత్తురు.

ఎలా లాగానో నాకు తెలియదు. అత్తగారు పీట మీంచి వెల్లకిలా పడ్డారు. ఆవిడ రవిక రెండు చేతులా పట్టి పైకి లేపి తొట్టికేసి అదిమాను. ఆవిడ తల తొట్టి అంచుకు తగిలింది. ఇంకొక్కసారి కొట్టేదాన్నే. ఆవిడ తిరగబడలేదు. చేతులు అడ్డం పెట్టుకోను కూడా లేదు.

"కొట్టవే, కొట్టు. నేనేం చెయ్యనే? బడి తెరవకముందే మొదలైంది. ఎవరికీ కనబడకూడదని పొడుగు చేతులు వేశాను. ముదరకముందే రుద్దితే పోతుందన్నారు. రోజూ రుద్దుతున్నా పెరుగుతోందే గానీ పోవట్లేదు."

పాప వైపు తిరిగాను. రెండు మోచేతులు. ఒక మోకాలు. చెవి వెనక. ఎర్రగా ఉబ్బి, పైన తెల్లటి పొలుసు. రుద్దినచోటల్లా చుట్టూ కొత్తవి. పళ్ళు కొరుక్కుంటూ నేను ఏళ్ళ తరబడి చూసుకున్న జబ్బు నా పిల్ల ఒంటి మీద ఉంది. నేను ముట్టుకోకుండా, నా పక్కన పడుకోకుండా, నా కంచంలో తినకుండా, ఇంత దూరంలో ఉండగానే వచ్చింది.

"నీ గాలి తగలకుండా పెట్టుకున్నా కదే. ఎలా వచ్చిందే?" అన్నారు అత్తగారు. నిజంగానే అడుగుతున్నారు.

"రుద్దితే పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. అంటదని కూడా చెప్పాడు. మీ అబ్బాయి చెవిలో వేశాడుగా, వినపడలేదా?" అని అరిచాను. ఆవిడ కణత దగ్గర గీరుకుపోయి నెత్తురు వస్తోంది. తుడుచుకోలేదు. నేల వైపు చూస్తూ, "ఆ పొడి... చిన్నపిల్లలకి కూడా ఇస్తారా?" అన్నారు. నాకు ఆవిడను మళ్ళీ కొట్టాలనిపించింది. అంతలోనే పక్కన కూర్చుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. "తెలీదు, అడగాలి" అన్నాను.

పాప నా దగ్గరికి రాలేదు. తొట్టి అవతలికి వెళ్ళి, మోచేతులు రెండూ వెనక్కి దాచుకుని నిలబడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని రమ్మన్నాను. వద్దన్నట్టు తలూపింది.

"నీకు అంటుద్ది" అంది.

"నాకు ఉందిగా అమ్మా. చూడు."

నా మోచేతులు చూసింది. తన మోచెయ్యి ముందుకు తెచ్చి చూసుకుంది. ఆలోచించింది. ఏడుపు ఆపేసి, బడిలో టీచరును అడిగినట్టు అడిగింది.

"నీకు వచ్చిందని నన్ను ఇక్కడికి పంపేశారు కదా. ఇప్పుడు నాకు వచ్చింది. తగ్గేదాకా నన్నెక్కడికి పంపిస్తారు?"

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను లేచి వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. ఎన్ని నెలలైందో ఎత్తుకుని, బరువు పెరిగింది. ఒళ్ళంతా పసుపూ నీళ్ళూ నెత్తురూ. చేతులు నా మెడ చుట్టూ వెయ్యకుండా గాల్లో ఎత్తి పట్టుకుంది.

"ఎక్కడికీ పంపను. మనింటికి పోదాం."

"తగ్గకపోతే?"

"తగ్గకపోయినా" అన్నాను.